ప్లాటు కొనేముందు ఆ ఊరి వాడకి వెళ్ళండి

(మండల కేంద్రంలోని అంబేద్కర్ భవనంలో దళిత ఉద్యోగులు, వ్యవసాయ కూలీలు, కార్యకర్తలు కలిసి జరుపుకున్న సమావేశంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం ఇది. మాట్లాడింది మాట్లాడినట్టే వేస్తున్నాం.)



నేను ప్లాట్లు కొనడం గురించి మాట్లాడతానని చెప్పగానే మన కార్యకర్త తమ్ముడొకడు నవ్వాడు. "మాస్టారూ, భూమి కోసం పోరాడాల్సిన సభలో రియల్ ఎస్టేట్ ఉపన్యాసమా?" అన్నాడు. నవ్వాల్సిన విషయమే. బాబాసాహెబ్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో సాగుభూమి మొత్తం ప్రభుత్వం చేతిలో ఉండాలని రాశాడు. ఆయన బొమ్మ కింద నిలబడి నేను ప్లాట్ల గురించి చెబుతున్నాను. కానీ తమ్ముడూ, ఈ హాల్లో ఉద్యోగాలు చేసేవాళ్ళు చేతులెత్తండి. అందులో ప్లాటు కొన్నవాళ్ళు దించకండి. చూశావా? ఒక్క చెయ్యి కూడా దిగలేదు. ఇప్పుడు ఆ ప్లాటులో ఇల్లు కట్టినవాళ్ళు మాత్రం ఉంచండి. రెండు చేతులు మిగిలాయి. తక్కినవాళ్ళ డబ్బంతా ఎక్కడో రాళ్ళ మధ్య తుమ్మచెట్లు మొలిచిన చోట ఉంది. అందుకే మాట్లాడతానన్నాను.

మనది కారంచేడు (1985), చుండూరు (1991) కథలు వింటూ పెరిగిన తరం. మా నాయన పాలేరు. మా అమ్మ నాట్లకీ, కోతలకీ పోయింది. ఆ ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాణ్ణి నేను. మొదట జీతం తీసుకున్నవాణ్ణీ నేనే. జీతం వచ్చిన కొన్నేళ్ళకి చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే ఏం చెయ్యాలో చెప్పేవాడు ఇంట్లో ఎవరుంటారు? ఊళ్ళో మోతుబరి కొడుక్కి వాళ్ళ తాత చెబుతాడు, ఏ చేను ఎవరిది, ఏ దస్తావేజులో ఏ లొసుగు ఉంది అని. వాళ్ళ ఇళ్ళల్లో కరణంగారు కాఫీ తాగి పోయేవాడు. 1984లో కరణం, మునసబు వ్యవస్థ రద్దయింది. రద్దయ్యాక కూడా మా ఊళ్ళో పాత లెక్కలు కావాలంటే ఆయన అరుగు దగ్గరికే పోవాల్సి వచ్చేది. మనకి మాత్రం కాగితం అంటే వేలిముద్ర వేసే చోటు. అంతే తెలుసు.

నా సంగతి చెబుతాను. సిగ్గుగానే ఉంటుంది, అయినా చెబుతాను.

2013లో నేనూ, మరో నలుగురు టీచర్లూ కలిసి ప్లాట్లు తీసుకున్నాం. తలా 200 గజాలు. గజం 900 రూపాయలు. లక్షా ఎనభై వేలు. పి.ఎఫ్. లోను కొంత, మా ఆవిడ గొలుసు కుదువబెట్టింది కొంత. అమ్మాయి అప్పుడు నాలుగో తరగతి. పెద్ద చదువుకి వచ్చేసరికి ఈ ప్లాటు నాలుగింతలవుద్ది, అమ్మి ఫీజు కడదాం అని లెక్క. చూపించినవాడు కూడా టీచరే, మన వాడే. కమీషన్ మీద తిప్పేవాడు. ఆదివారం వ్యాను పెట్టారు. వెంచర్ దగ్గర పెద్ద గేటు, రంగులేసిన రాళ్ళు, షామియానా, బిరియానీ పొట్లం. ఓనరుగారు నన్ను 'సార్' అన్నాడు. మా నాయన్ని ఆ కులపోళ్ళు 'ఒరే' అన్నారు జీవితమంతా. నన్ను సార్ అని కుర్చీ వేశాడు. మిత్రులారా, నిజం చెబుతున్నాను, ఆ కుర్చీకే నేను సగం పడిపోయాను.

కాగితాలు చూడలేదా అంటే, చూశాను. ఈసీ తీయించాను. శుభ్రంగా ఉంది. లింకు డాక్యుమెంట్లు చూపించారు. సర్వే నంబరు 212/1, పట్టా భూమి, నాలుగు ఎకరాలు, అమ్మేవాడి పేరు మీదే ఉంది. డాక్యుమెంట్ రైటరు చదివి 'ఏం భయం లేదు మాస్టారూ' అన్నాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటో దిగాను, వేలు పెట్టాను. అయిపోయింది.

ఏడాది తర్వాత ఒకరోజు అటుపక్క ఎన్నికల డ్యూటీ పడితే, సరే మన స్థలం చూద్దామని ఒక్కణ్ణే వెళ్ళాను. వెనక వరసలో నా రాయి, 61వ నంబరు. రాయి పక్కన గేదెను మేపుకుంటా ఒక ముసలామె కూర్చోనుంది.

"ఎవురు నాయనా?" అంది.

"స్థలం చూసుకుందామని వచ్చాను పెద్దమ్మా. ఇది నాదే."

"నీదా? ఇది మా చేనయ్యా. మా మామకి గవర్మెంటోళ్ళు ఇచ్చింది. మా ఆయన బతికున్నప్పుడు ఇక్కడ కంది వేసినాం."

నేను ఏదో గొణిగాను, రిజిస్టరు అయింది, కాగితం ఉంది అని. ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసి, "మీరెవురోళ్ళు నాయనా?" అంది. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "మనోళ్ళయ్యుండి నువ్వు కొన్నావా?"

ఆమెతోపాటు వాళ్ళ వాడకి వెళ్ళాను. రేకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. డి-ఫారం పట్టా. మడతల దగ్గర చిరిగిపోయింది. సర్వే నంబరు 212/2, రెండు ఎకరాలు. ఆమె భర్త జబ్బు పడితే ఊళ్ళో ఒక పెద్దమనిషి దగ్గర ఇరవై వేలు తీసుకున్నారు, తెల్లకాగితం మీద వేలిముద్ర వేశారు. మనిషి పోయాడు. చేను 'వడ్డీ కింద' ఆయన దున్నుకున్నాడు. తర్వాత వెంచర్ వాడికి అప్పజెప్పాడు.

ఇప్పుడు మోసం ఎక్కడుందో చూడండి. 212/1 పట్టా భూమి, నాలుగు ఎకరాలు, దానికి కాగితాలన్నీ సక్రమం. 212/2 అసైన్డ్ భూమి, రిజిస్టరు కాదు. రెండూ పక్కపక్కనే. మధ్యలో గట్టు చెరిపేశాడు. ఆరు ఎకరాలకీ కలిపి ప్లాట్ల మ్యాపు గీశాడు. అన్ని దస్తావేజుల్లోనూ 212/1 అని రాయించాడు. సబ్ రిజిస్ట్రారు కాగితం చూస్తాడు గానీ పొలంలోకి రాడు కదా. నా కాగితం 212/1లో ఉంది, నా రాయి 212/2లో ఉంది. అంటే నాకు భూమే లేదు. ఉన్న రాయి ఆ ముసలామె చేలో ఉంది.

ఇంకో మాట చెబితే మీరు నవ్వుతారు. నేను లెక్కల మాస్టర్ని. ఎకరానికి 4,840 గజాలు. నాలుగు ఎకరాలంటే 19,360 గజాలు. రోడ్లకీ, వదలాల్సిన ఖాళీ స్థలానికీ పోను నూటికి అరవై వంతులు ప్లాట్లకి మిగిలితే గొప్ప. 200 గజాల ప్లాట్లు 58 దాటవు. వాడి మ్యాపులో 84 ఉన్నాయి. ఆ మ్యాపు నా బీరువాలో ఏడాది ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకి ఇచ్చే లెక్క. నేను చెయ్యలేదు.

నేను వెంటనే న్యాయం కోసం నిలబడ్డానని చెప్పుకోవాలని ఉంది. నిలబడలేదు. ఏడాదిన్నర నోరు మూసుకున్నాను. తోటి టీచర్లకి చెబితే ఒకాయన, "మన పేరు మీద రిజిస్టరు అయింది, ఎవరికో ఒకరికి అమ్మేసి బయటపడదాం" అన్నాడు. ఆ మాట నాక్కూడా రెండు మూడు రోజులు తియ్యగా వినపడింది. అంబేద్కర్ జయంతి రోజు దండ వేసి వచ్చి, రాత్రి ఆ ప్లాటు ఎవరికి అంటగట్టాలా అని ఆలోచించిన మనిషిని నేను. చివరికి మా ఆవిడే అంది, "గొలుసు పోతే పోయింది, ఆ ముసలామె ఉసురు మనకొద్దు" అని.

2016లో ఆమెతో కలిసి తహశీల్దారుకి అర్జీ పెట్టించాం. 1977 నాటి 9వ నంబరు చట్టం ఉంది, అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం. భూమి లేని పేదలకి ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మినా, తాకట్టు పెట్టినా, దానం ఇచ్చినా చెల్లదని మూడో సెక్షన్ చెబుతుంది. బ్యాంకుకీ, సహకార సంఘానికీ తాకట్టు పెట్టుకోవచ్చు, అది వేరు. నాలుగో సెక్షన్ ప్రకారం అలా చేతులు మారిన భూమిలోంచి కొన్నవాణ్ణి ఖాళీ చేయించి, మొదట పట్టా పొందినవాళ్ళకి గానీ వాళ్ళ వారసులకి గానీ తిరిగి ఇవ్వాలి. కొన్నవాడికి జైలు శిక్ష వేసే సెక్షన్ కూడా అందులోనే ఉంది. అమ్మిన పేదవాడికి కాదు, కొన్నవాడికి. ఈ సంగతి మన వాడల్లో చాలామందికి తెలియదు. 'మేం అమ్ముకున్నాం కదా, మాకే జైలు' అని భయపడి బయటికి రారు. ఆ భయం మీదే మోతుబరులు వేల ఎకరాలు దున్నుకుంటున్నారు. ఈ అన్యాక్రాంతం సంగతి ఎప్పుడూ రహస్యం కాదు. 2004లో వేసిన కోనేరు రంగారావు కమిటీ భూముల మీద 104 సిఫారసులు రాసిచ్చింది. పుస్తకం ఉంది. చేలు మాత్రం చాలాచోట్ల వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

మూడేళ్ళు తిరిగాం. సర్వేయరు రావడానికే ఎనిమిది నెలలు పట్టింది. వచ్చి గొలుసు లాగితే పది నిముషాల్లో తేలిపోయింది. 2019లో ఉత్తర్వు వచ్చింది. రాళ్ళు పీకించారు. చేను ఆమె కొడుకు పేరుకి వచ్చింది. నా డబ్బులో అరవై వేలు వచ్చాయి, మిగిలింది రాలేదు. అమ్మాయి ఫీజుకి అప్పు చేశాను.

ఇప్పుడు అసలు విషయం. మీరు కొనేటప్పుడు ఏం చూడాలి?

మొట్టమొదట కాగితం కాదు చూడాల్సింది. ఆ ఊరి వాడకి వెళ్ళండి. ఏజెంటు లేకుండా, వ్యాను ఎక్కకుండా, మీ బండి మీద మీరు వెళ్ళండి. రచ్చబండ దగ్గరో, టీకొట్టు దగ్గరో కాదు, మన వాడలో కూర్చోండి. ఆ చేలో కూలికి పోయినవాళ్ళకి తెలుసు అది ఎవరిది, ముందు ఎవరిది, అన్నదమ్ములకి ఏం తగాదా, వానకాలం నీళ్ళు ఎంత లోతు నిలబడతాయి, శ్మశానం ఎక్కడిదాకా ఉండేది. ఏ ఆఫీసులోనూ దొరకని ఈసీ అది. నేను ఆ రోజు బిరియానీ తినకుండా ఆ ముసలామె దగ్గర మంచినీళ్ళు తాగి ఉంటే లక్షా ఎనభై వేలు మిగిలేవి.

తర్వాత భూమి పుట్టుక. మన ఆంధ్ర ప్రాంతంలో ఆర్.ఎస్.ఆర్. అని పాత సర్వే సెటిల్మెంటు రిజిస్టరు ఉంటుంది. ఆ సర్వే నంబరుకి ఎదురుగా పట్టాదారు పేరు ఉందా, 'అసెస్డ్ వేస్ట్' అని ఉందా, వాగు పోరంబోకు అని ఉందా, చెరువు అని ఉందా చూడాలి. పేరు రాసే గడిలో చుక్కలు పెట్టి వదిలేసినవి కూడా ఉంటాయి. వాటినే చుక్కల భూములంటారు. వాటి కోసం 2017లో ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. రిజిస్టరులో ప్రభుత్వ బంజరు అని ఉండి ఇవ్వాళ ప్రైవేటు పేరుతో అమ్మకానికి వచ్చిందంటే, మధ్యలో ఏం జరిగిందో చూపించమని అడగాలి. తెలంగాణలో ఉన్న మన బంధువులకి ఇదే పని 1954-55 నాటి ఖాస్రా పహాణీతో, సేత్వార్‌తో. అక్కడ అసైన్డ్ పట్టాని లావుణి పట్టా అంటారు. రాయలసీమ వైపు డి.కె.టి. పట్టా అంటారు. పేరు మారినా భూమి ఒకటే, మన భూమి. మన్యం వైపు వెళ్ళి చవగ్గా వస్తుందని ఎవరూ కొనకండి. ఏజెన్సీలో 1 ఆఫ్ 70 ఉంది. గిరిజనుడు కానివాడికి అక్కడ భూమి బదలాయింపు చెల్లదు. మనం ఎస్సీలమైనా అక్కడ గిరిజనులం కాము.

అడంగల్, 1-బి ఇప్పుడు ఫోన్లోనే కనిపిస్తాయి. మంచిదే. కానీ కంప్యూటర్లో పేరుంటే హక్కు ఉన్నట్టు కాదు. ఒకప్పుడు కరణం పెన్నుతో మార్చింది ఇవ్వాళ మీట నొక్కి మార్చగలరు. రీసర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చాయి. పాత నంబరుకీ కొత్త నంబరుకీ పొత్తు కుదిరిందా, విస్తీర్ణం తగ్గిందా పెరిగిందా, రెండూ పక్కన పెట్టి చూడండి. పేరు సచివాలయంలో సర్వేయరు ఉన్నాడు, వెళ్ళి అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద రాసివ్వండి. మన రాష్ట్రంలో ఆ అర్జీకి ఊరి స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. తెల్ల రేషను కార్డు ఉన్నవాళ్ళకి అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

22-ఎ అనే మాట గుర్తుపెట్టుకోండి. రిజిస్ట్రేషన్ చట్టంలో ఉన్న నిషేధ జాబితా. ప్రభుత్వ భూములు, అసైన్డ్, దేవాదాయం, వక్ఫ్, సీలింగులో మిగులు తేలినవి, అన్నీ అందులో ఉంటాయి. మీరు కొనే నంబరు ఒక్కటే చూస్తే చాలదు. పక్క నంబర్లు కూడా చూడండి. నా నంబరు జాబితాలో లేదు. పక్క నంబరు ఉంది. పక్కది చూసి ఉంటే, 'అయితే ఈ రెండింటి మధ్య గట్టు ఏది?' అని అడిగి ఉండేవాణ్ణి.

ఈసీ గురించి మనవాళ్ళకి గొప్ప నమ్మకం. ఈసీ అంటే ఏమిటి? ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక. రిజిస్టరు కానిది ఏదీ అందులో రాదు. తెల్లకాగితం అప్పు రాదు. నోటిమాట పంపకం రాదు. అన్నదమ్ములు కోర్టులో వేసుకున్న దావా సాధారణంగా రాదు. దావా నడుస్తుండగా కొన్నవాడు, రేపు వచ్చే తీర్పుకి కట్టుబడాల్సిందే. కంప్యూటర్లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకుముందుది కావాలంటే అర్జీ పెట్టి పుస్తకాల్లో వెతికించాలి. ముప్పై ఏళ్ళది తీయండి. తీసి, ప్రతి అమ్మకానికీ వెనక ఉన్న లింకు డాక్యుమెంటు చదవండి. జిరాక్సు చూసి తలాడించొద్దు, సర్టిఫైడ్ కాపీ మీరే తీసుకోండి.

జి.పి.ఎ. మీద, అగ్రిమెంటు మీద కొనేవాళ్ళు ఇంకా ఉన్నారు. 'రిజిస్ట్రేషన్ ఖర్చు మిగుల్తుంది మాస్టారూ' అంటారు. 2011లో సుప్రీంకోర్టు సూరజ్ లాంప్ కేసులో తేల్చి చెప్పింది, ఆ కాగితాలతో యాజమాన్యం రాదు అని. ఇవ్వాళ మన రాష్ట్రంలో లక్ష రూపాయల దస్తావేజుకి సుమారు ఏడున్నర వేలు ప్రభుత్వానికి కడుతున్నాం. ఆ లక్ష ఎక్కడికి పోతుందో చూడడానికి సర్వేయరుకీ, వకీలుకీ ఐదొందలు, వెయ్యి ఖర్చు పెట్టమంటే మాత్రం మనకి చెయ్యి రాదు.

ఇంకొకటి, ఆడపిల్లలు. అమ్మేవాడికి అక్కచెల్లెళ్ళు ఉన్నారా అని అడగండి. మన రాష్ట్రంలో 1986 నాటి చట్టంతో, దేశమంతా 2005 నుంచీ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. పొలం అన్నదమ్ములు ముగ్గురూ సంతకాలు పెట్టి అమ్ముతారు, పెళ్ళయి పోయిన చెల్లెలు పదేళ్ళకి వచ్చి దావా వేస్తుంది. వేస్తే తప్పేముంది? ఆమె వాటా ఆమెది. సంతకం అడగని మనదే తప్పు.

వెంచర్లలో అయితే అనుమతి నంబరు అడగండి. పంచాయతీ తీర్మానం చేసిందని చూపించే కాగితం చాలదు. నగరాభివృద్ధి సంస్థో, టౌన్ ప్లానింగ్ వాళ్ళో ఇచ్చిన ఎల్.పి. నంబరు ఉండాలి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటు అయితే 2016 చట్టం కింద రెరాలో నమోదై ఉండాలి. అనుమతి పొందిన మ్యాపు ఆఫీసు నుంచి తెచ్చుకుని, ఏజెంటు ఇచ్చిన రంగుల మ్యాపు పక్కన పెట్టండి. పార్కు అని వదిలిన చోట ప్లాట్లు మొలుస్తుంటాయి. రోడ్లు, కాలవలు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు ఆ సంస్థకి తనఖాలో ఉంటాయి. అవి విడుదల కాకముందే అంటగడతారు. నంబర్లు చూసుకోండి.

అన్నీ అయ్యాక ఎఫ్.ఎం.బి. స్కెచ్చి పట్టుకుని, సర్వేయరుని పెట్టుకుని, అమ్మేవాణ్ణీ పక్క చేలవాళ్ళనీ పిలిచి కొలిపించండి. బయానా ఇచ్చాక కాదు, ఇవ్వకముందు. 'ఇంత అనుమానం అయితే వేరే చోట చూసుకోండి' అన్నాడనుకోండి, దండం పెట్టి వచ్చేయండి. డబ్బు చెక్కు మీదే ఇవ్వండి. నా తోటి టీచరొకాయన లక్ష చేతికిచ్చి రసీదు కూడా తీసుకోలేదు. ఆయనకి నాలా అరవై వేలు కూడా రాలేదు.

అసలు కొనాలా వద్దా అనేది కూడా ఒక్క నిముషం ఆలోచించండి. ప్లాటుకి అద్దె రాదు, పంట రాదు. పిల్ల ఫీజుకి జూన్‌లో డబ్బు కావాలి. ప్లాటు కొనేవాడు జూన్‌లో రాడు. సగం ప్లాటు అమ్ముతానంటే కుదరదు. పదేళ్ళకి నాలుగింతలయిందని చెప్పేవాడు, పదేళ్ళుగా అమ్ముడుపోనివాటి గురించి చెప్పడు. పైగా పట్నంలో మంచి వీధిలో కొందామంటే మన ఇంటిపేరు విని 'ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చారండీ' అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. అందుకే మనకి ఊరి చివరవీ, వాగు పక్కవీ చూపిస్తారు. అక్కడే అసైన్డ్ భూములుంటాయి. మన కూలీల చేలు మన ఉద్యోగులకి అమ్మి మధ్యలో వాడు మేడ కడతాడు. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు. 84 ప్లాట్లలో ఎవరెవరు కొన్నారో కేసు నడిచేటప్పుడు జాబితా చూశాను. వెనక వరసల్లో, అంటే 212/2లో పడ్డవి దాదాపు అన్నీ మనవాళ్ళవే. ముందు వరస పట్టా ప్లాట్లు ఎవరివో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కొత్తగా ఒక మాట నడుస్తోంది. 'ఇరవై ఏళ్ళు దాటింది మాస్టారూ, అసైన్డ్ అయినా ఇప్పుడు అమ్ముకోవచ్చు' అంటున్నారు. 2023లో మన రాష్ట్రంలో చట్టం మార్చారు, నిజమే. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్ళయిన భూమి మీద అసైనీకి అమ్ముకునే హక్కు ఇచ్చారు. తెలంగాణలో అది లేదు. మార్చిన కొద్దికాలానికే పెద్ద ఎత్తున అక్రమాలు జరిగాయని 2024 ఆగస్టులో ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపారు. కాబట్టి ఎవరైనా ఆ మాట చెబితే, నోటిమాట వినకండి. ఆ నంబరుని 22-ఎ నుంచి తీసేసిన కలెక్టరు ఉత్తర్వు చూపించమనండి. అమ్మేవాడు అసలు అసైనీయా, వారసుడా, లేక మధ్యలో తెల్లకాగితం మీద లాక్కున్నవాడా, అది చూడండి.

ఈ చట్టం మంచిదా చెడ్డదా అని పొద్దున టీ దగ్గర మనవాళ్ళు వాదించుకున్నారు. ఒక అన్న అన్నాడు, "కమ్మోడు, రెడ్డి తన భూమి ఎప్పుడైనా అమ్ముకుంటాడు. మాల, మాదిగకే సంకెల ఎందుకు? మాకు బుద్ధి లేదనా?" ఆ మాటలో న్యాయం ఉంది. నేను కాదనలేను. కానీ ఆ ముసలామె మనవడు పోయిన సంక్రాంతికి నా దగ్గరికి వచ్చాడు. చేను పక్కనుంచి పెద్ద రోడ్డు పడుతోంది. వెంచర్ వాడు మళ్ళీ వచ్చాడట. ఈసారి తెల్లకాగితం కాదు, నోట్ల కట్టలు చూపించాడట. కుర్రాడికి ఆటో అప్పు ఉంది. "అమ్మేద్దామా సార్?" అన్నాడు. నేను వద్దని చెప్పలేదు. భూమి వాడిది, నాది కాదు. ఒక్కటే చెప్పాను. ఎవరికి అమ్మినా, ఎంతకి అమ్మినా, పక్క పట్టా చేను గజం ఎంతకి పోతుందో ముందు కనుక్కో, ఆ రేటు చెప్పు, అంతకి తగ్గించకు, ఆటో అప్పుకి ఎకరం పావలాకి పోనియ్యకు అని. వాళ్ళ నానమ్మ మాత్రం అరుగు మీంచే, "నేను పోయినాక అమ్ముకోరా" అని అరిచింది. ఇప్పటికైతే అమ్మలేదు. కంది వేశారు.

డి-ఫారం పట్టాలు ఉండి చేను చేతిలో లేనివాళ్ళు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. మీ కాగితం ఎంత చిరిగినా పారేయకండి. జిరాక్సు రెండు తీయించి, ఒకటి మన సంఘం ఫైల్లో పెట్టండి. కాగితం పోయినా ఫర్వాలేదు, తహశీల్దారు ఆఫీసులో అసైన్మెంటు రిజిస్టరు ఉంటుంది, సమాచార హక్కు కింద నకలు అడుగుదాం. అర్జీ రాయడానికి వచ్చే ఆదివారం నేనూ, ఇద్దరు రిటైరైన వి.ఆర్.ఓ.లూ ఇక్కడే కూర్చుంటాం. వాళ్ళు మనవాళ్ళే. సర్వీసులో ఉండగా చెప్పలేనివి ఇప్పుడు చెబుతామన్నారు.

ప్లాట్లు కొన్న ఉద్యోగులు కూడా రండి, కాగితాలు తీసుకుని రండి. ఒకరి కాగితం ఒకరు చదవండి. ఇదిగో, నా దస్తావేజు తెచ్చాను. వెనక్కి తిప్పండి, అందరూ చూడండి. నాలుగో పేజీలో హద్దులున్నాయి. తూర్పు, 62వ నంబరు ప్లాటు. పడమర, 60వ నంబరు ప్లాటు. ఉత్తరం, 30 అడుగుల రోడ్డు. దక్షిణం, 'ఇతరుల భూమి'. ఆ ఇతరుల పేరు రాయమని నేను అడగలేదు. మీ కాగితాల్లో ఆ చోట ఏం రాసుందో ముందు అది చూద్దాం. తమ్ముడూ, ఆ ట్యూబులైటు ఇటు తిప్పు.

జై భీమ్.